లంబసింగి చలిలో ఒక్క నిప్పుకణిక

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే లంబసింగే. మబ్బుల సముద్రం, పసుప్పచ్చటి వలిసె పూలు, స్ట్రాబెర్రీ తోట, బొంగులో చికెన్, ఆఖర్న చలిమంట చుట్టూ కూర్చుని గిటార్ వాయించే కుర్రాళ్లు. అన్నీ 30 సెకన్లలో అయిపోతాయి. ఆ మంట ఎవరు వెలిగించారు, తెల్లారగట్ల అది ఆరిపోతే ఏం చేశారు అన్నది మాత్రం ఏ రీల్‌లోనూ రాదు. నేను చెప్పబోయేది దాని గురించే.

ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో. విశాఖ నుంచి నర్సీపట్నం వచ్చి, అక్కడ ఘాట్ ఎక్కితే సుమారు 30 కిలోమీటర్లు. చింతపల్లి మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. చింతపల్లి అంటే 1922 ఆగస్టు 22న అల్లూరి దళం దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఉన్న ఊరే. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకుంటే పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు ఇక్కడివాళ్లు. ‘ఆంధ్రా కశ్మీర్’ అనే పేరు కన్నా ఇదే నాకు నచ్చుతుంది. ఇందులో హెచ్చరిక ఉంది కదా!

టెంట్ ప్యాకేజీ తీసుకుంటే క్యాంప్‌ఫైర్ కూడా అందులోనే ఇస్తారు. సాయంత్రం ఏడింటికి ఒక మోపు కట్టెలు తెచ్చి, కాస్త డీజిల్ పోసి, అగ్గిపుల్ల గీసి వెళ్లిపోతారు. పాటలు, ఫొటోలు, చికెన్... పదకొండుకల్లా కట్టెలు అయిపోతాయి. అందరూ టెంట్లలో దూరి జిప్ వేసుకుంటారు. చిక్కేమిటంటే, అసలు చలి మొదలయ్యేది అప్పటినుంచే. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తూనే ఉంటుంది కాబట్టి సూర్యోదయానికి కాస్త ముందు చలి మరీ ఎక్కువ. మంట మనకి అవసరం లేనప్పుడు వెలుగుతుంది, అవసరమైనప్పుడు బూడిదై ఉంటుంది. ఏ ప్యాకేజీలో చూసినా ఇదే వరస.

మేం వెళ్లింది నాలుగు బైకుల మీద, ఏడుగురం. నేను, మా బావ, ఆయన ఫ్రెండ్స్ నలుగురు, బావ మేనల్లుడు. వాడు ఎనిమిదో తరగతి. పొద్దున్న తాజంగి రిజర్వాయర్ దగ్గర నీళ్లలో ఆడి, సాయంత్రం దాకా బాగానే తిరిగాడు. బూట్లు, సాక్సులు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయని ఎవరికీ చెప్పలేదు. చెబితే మామయ్య తిడతాడని. అలాగే రగ్గులో దూరి పడుకున్నాడు.

రాత్రి రెండున్నరకి వాడి పళ్లు టకటకలాడుతున్న చప్పుడుకి బావకి మెలకువొచ్చింది. టార్చ్ వేసి చూస్తే పెదాలు పాలిపోయి ఉన్నాయి. బాటిల్ మూత తియ్యమంటే వేళ్లు సహకరించడం లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. చలికి వణకడం మామూలే. వణుకుతో పాటు చేతులు తడబడటం, మాట తడబడటం మొదలైతే మాత్రం ఒళ్లు తన వేడిని నిలుపుకోలేకపోతోందని అర్థం. నా ఫోన్‌లో 4 డిగ్రీలని చూపిస్తోంది. తడి బట్టలు తీసేసి, నా స్వెటర్, ఇంకొకళ్ల ట్రాక్ ప్యాంటు తొడిగి, రెండు రగ్గులు చుట్టాం. బావ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక మంట కావాలి.

మంట కోసం చూస్తే ఒక్కటీ కుదరలేదు. మిగిలిన నాలుగు కట్టెల మీదా మంచు నీళ్లలా కారుతోంది. బయట పెట్టిన అగ్గిపెట్టె చెమ్మగిల్లి, పుల్ల గీస్తే మందు రాలిపోతోంది. లైటర్ అయితే రవ్వ వస్తుంది గానీ మంట నిలవదు. ఇందులో వింతేం లేదు. లైటర్‌లో ఉండే బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. బయటి చలి దానికి దగ్గరపడేకొద్దీ అది ద్రవంగానే ఉండిపోతుంది, బయటికి గ్యాస్ సరిగా రాదు. (గుప్పిట్లోనో చంకలోనో కాసేపు పెట్టుకుంటే మళ్లీ పనిచేస్తుంది. ఈ చిట్కా గుర్తుపెట్టుకోండి.) బావ ఫ్రెండ్ ఒకాయన అప్పటికే ఖాళీ బాటిల్ పట్టుకుని బైకు పెట్రోల్ పైపు లాగుతున్నాడు.

“ఆగండాగండి బాబూ, అదేటది?” అని చీకట్లోంచి గొంతు. టెంట్లకి కాపలా ఉండే తాత. కంబళి కప్పుకుని, చేతిలో కర్రతో వచ్చాడు. పెట్రోల్ వాసన తగిలినట్టుంది.

“పిల్లోడికి చలి ఎక్కువైంది తాతా. కట్టెలు అంటుకోవట్లేదు, కాస్త పెట్రోల్ పోస్తే...”

“తడికట్టి మీద పెట్రోలు పోస్తే పెట్రోలు కాలుద్ది, కట్టి కాలదు. మీ మొహాలు కాల్తాయి. సీసా అవతల పెట్టండి.”

ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతుంది. ఎంత చలిలోనైనా అంటుకుంటుంది. బూడిద కింద కనపడని కణిక ఒక్కటున్నా చాలు, మంట చేతిలోని బాటిల్ దాకా ఎగబాకుతుంది. ఇంతా చేస్తే కట్టెలో ఉన్న తడి అలాగే ఉంటుంది. భగ్గుమని, నిమిషంలో చల్లారిపోతుంది.

బూడిదలో వెతుకులాట

తాత ముందు మంట పెట్టిన చోటికి వెళ్లి, అరచెయ్యి బూడిదకి జానెడు పైన పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఒకచోట ఆపి, పుల్లతో పైపొర మెల్లగా పక్కకి జరిపాడు. తెల్లటి బూడిద, దాని కింద నల్లటి బొగ్గు, దాని కింద గోళీకాయంత ఎర్ర చుక్క. ఒక్కటే. ఇంకోచోట వెతికితే ఏమీ లేదు.

దాన్ని చూడగానే మనకి చేతులు ఊరుకోవు. వెంటనే ఊదాలనిపిస్తుంది. మాలో ఒకడు వంగబోతే తాత మోచేత్తో అడ్డుకుని, మళ్లీ దానిమీద బూడిద కప్పేశాడు! “అది ఉందని తెలిసింది కదా. ఇప్పుడు దానికి కావలిసినవి తెచ్చుకోవాల. అందాక దాన్ని పడుకోనీ.”

‘నివురుగప్పిన నిప్పు’ అని ఎన్నిసార్లు చదివి ఉంటాం, పేపర్లో ఏదో ఊరి గొడవల గురించి. నివురు అంటే ఇదే. నిప్పు మీద తేలిగ్గా పేరుకునే సన్నటి బూడిద. అది దుప్పటి లాంటిది. వేడిని బయటికి పోనివ్వదు, గాలిని కొంచెం కొంచెంగా మాత్రమే లోపలికి రానిస్తుంది. అందుకే కణిక తనని తాను తినేయకుండా గంటల తరబడి బతుకుతుంది. గాలి తగిలేలా బయట పడేస్తే ఐదు నిమిషాల్లో నల్లబడిపోతుంది. అందులోనూ ఒంటరి కణిక త్వరగా చస్తుంది. వేడి నాలుగు వైపులా పోతుంది కదా. రెండు కణికలు ఎదురెదురుగా పెడితే ఒకదాని వేడి ఒకటి కాచుకుంటాయి. మా అమ్మమ్మ పొయ్యిలో బొగ్గుల్ని ఎప్పుడూ దగ్గరికి ఎగదోసేది ఎందుకో నాకు ఆ రాత్రి అర్థమైంది.

తర్వాత పది నిమిషాలు తాత నిప్పు జోలికే పోలేదు. తన పాక దగ్గరికెళ్లి, చూరు లోపలివైపు చెయ్యి పెట్టి గుప్పెడు గడ్డి లాగాడు. బయట ఎంత మంచు కురిసినా చూరు అడుగున గడ్డి పొడిగా ఉంటుంది. అదీగాక లోపల పొయ్యి పొగ తగిలి తగిలి మరింత ఎండి ఉంటుంది. దాన్ని రెండు అరచేతుల మధ్య వేసి, పిల్లలకి ఒళ్లు రుద్దినట్టు రుద్దాడు. పరకలన్నీ చీలి పీచైపోయాయి. పిట్టగూడులా చేసి మధ్యలో గుంట పెట్టాడు. అప్పుడు కంబళి లోపలి సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో గోధుమ రంగు నూగు. జీలుగు చెట్టు మట్ట మొదట్లో ఉండే నూగది. అవును, కల్లు తీసే జీలుగు చెట్టే. ఆ కల్లు కోసం వీకెండ్‌లో లైన్లు కట్టేవాళ్లున్నారు గానీ, ఆ చెట్టు మట్ట దగ్గర నిప్పుని పట్టే దూది ఉంటుందని వాళ్లలో ఎంతమందికి తెలుసో!

కట్టెల సంగతి నన్ను చూడమన్నాడు. నేలమీద పడినవి వద్దని, చెట్టుకే ఎండి వేలాడుతున్న పుల్లలు తెమ్మన్నాడు. విరిస్తే టక్కుమనాలి. వంగితే పారేయాలి. అగ్గిపుల్లంత సన్నవి గుప్పెడు, చిటికెన వేలంతవి గుప్పెడు, బొటనవేలంతవి నాలుగు. మిగిలిన లావు కట్టెల్ని ఆయనే కత్తితో నిలువునా చీల్చాడు. పైన బెరడు నానిపోయి ఉంది గానీ, లోపల చెక్క తెల్లగా, పొడిగా ఉంది. తడి కట్టె అంటే లోపలిదాకా తడి అని అనుకుంటాం. మంచుకు తడిసిన కట్టెకి తడి వేలెడు లోతు కూడా దిగదు.

పక్కనే ఒక వెదురు బొంగు కనిపిస్తే అదీ వేద్దామని మావాడు తెచ్చాడు. తాత దాన్ని పక్కన పడేశాడు. పచ్చి వెదురు కణుపుల మధ్య గాలీ తేమా బిగిసి ఉంటాయి. నిప్పులో పడితే టపాకాయలా పేలుతుంది. బొంగులో చికెన్ చేసేవాళ్లు ఒక కొస తెరిచి, ఆకులు కూరేది అందుకు కూడానూ.

ఊదడం ఒక విద్య

ఇన్నీ సిద్ధమయ్యాకే మళ్లీ బూడిద తీశాడు. కణిక ఇప్పుడు ఇందాకటికన్నా చిన్నదైంది. రెండు పుల్లల మధ్య పట్టి, నూగు మీద పెట్టాడు. గూడు మెల్లగా మూశాడు. మరీ నొక్కలేదు. కణికకి నూగు తగలాలి, కానీ గాలి ఆడాలి. గాలి వచ్చేవైపు వీపు పెట్టి, గూడుని మొహం కన్నా కాస్త ఎత్తులో పట్టుకున్నాడు. పొగ కళ్లలోకి రాకుండా పైకి పోతుంది కదా. పెదాలు సున్నాలా చేసి, జానెడు దూరం నుంచి, పిల్లనగ్రోవి ఊదినంత సన్నగా ఊదాడు. దీర్ఘంగా. ఆపి, పక్కకి తిరిగి గాలి పీల్చుకుని, మళ్లీ.

నేను ఎదురుగా టార్చ్ పట్టుకుని ఉన్నాను. “దీపం ఆర్పు బాబూ, నాకు దాని రంగు కనపడాల” అన్నాడు. టార్చ్ ఆర్పేశాను.

చీకట్లో ఆ గూడు మధ్య ఒక ఎర్ర చుక్క. ఊదినప్పుడు నారింజ, ఆపినప్పుడు ముదురెరుపు. ఈ రంగు ఊరికే అందం కోసం కాదు, అదే థర్మామీటర్. మసకెరుపులో ఉంటే సుమారు 600, 700 డిగ్రీలు. నారింజకు వచ్చిందంటే 900కి అటూ ఇటూ. వేడి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చీకట్లో కంటికి తెలిసినంతగా ఇంకెలాగా తెలియదు.

గట్టిగా ఊదితే తొందరగా అంటుకుంటుందని అనుకుంటాం. మన ఊపిరి రెండు పనులు చేస్తుంది. గాలిని అందిస్తుంది, వేడిని పట్టుకుపోతుంది కూడా. చిన్న కణిక మీద గట్టిగా ఊదితే రెండోదే గెలుస్తుంది. మనం వదిలే ఊపిరిలో ఆక్సిజన్ 16 శాతమే ఉంటుంది, మామూలు గాలిలో 21. పైగా ఊపిరిలో తేమ. మరి మన ఊపిరితో నిప్పు ఎలా రాజుకుంటుంది? కాస్త దూరం నుంచి సన్నగా ఊదితే ఆ ధార చుట్టూ ఉన్న మంచి గాలిని కూడా లాక్కుపోతుంది. మూతి అంటించి ఊదితే చేరేది ఎంగిలి గాలే. వంటింట్లో ఊదుగొట్టాన్ని బొగ్గుకి ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకునేది ఇందుకే.

మెల్లగా ఎర్ర చుక్క నూగులోకి పాకింది. ఒకటి నాలుగైంది. పొగ సన్నగా, నీలంగా వస్తున్నది కాస్తా చిక్కబడింది. తెల్లగా, కొంచెం పసుపుగా, గూడు అంతటా నుంచి. నాకైతే మంట రాకుండా అంతా పొగైపోతోందని గుండె గుభేల్మంది. ఎందుకంటే మళ్లీ ప్రయత్నించడానికి ఇంకో కణిక లేదు. టెంట్‌లోంచి బావ “అయ్యిందా?” అని మూడోసారి అడుగుతున్నాడు. తాత మాత్రం ఆ పొగ చూసి మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వు ఎందుకో తర్వాత చదువుకున్నాను. కణికకీ మంటకీ తేడా ఉంది. కణిక అంటే బొగ్గు తన ఒంటిమీదే, గాలి తగిలినచోట, కాలడం. మంట అంటే వాయువు కాలడం. గడ్డిగానీ కట్టెగానీ 250, 300 డిగ్రీలకి వేడెక్కితే అందులోంచి మండే వాయువులు ఉబికి వస్తాయి. మనం పొగ అనుకునేది చాలామటుకు అదే, ఇంకా కాలని ఇంధనం. చిక్కటి పొగ అంటే గూడు లోపల సరుకు సిద్ధమైందన్నమాట. ఇంకొంచెం వేడి, ఇంకొంచెం గాలి చాలు. పొగే మంటవుతుంది.

నమ్మకపోతే ఇంట్లోనే చూడొచ్చు. కొవ్వొత్తి వెలిగించి ఊది ఆర్పేయండి. తెల్లటి పొగ తీగలా లేస్తుంది. ఆ పొగకి, ఒత్తికి తగలకుండా ఒక అంగుళం పైన, అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని అంటిస్తుంది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 క్రిస్మస్ సెలవుల్లో మైకేల్ ఫారడే పిల్లలకి కొవ్వొత్తి మీద వరసగా ఇచ్చిన ఉపన్యాసాల్లో చేసి చూపించిన ప్రయోగం ఇది. స్లో మోషన్‌లో తీస్తే మాంచి వీడియో అవుతుంది. పక్కన పెద్దవాళ్లుంటే మంచిది.

తాత ఒక్కసారి కాస్త జోరు పెంచి ఊదాడు. ‘ఫప్’ మని చప్పుడు. గూడు మధ్యలోంచి పసుపు మంట ఆయన వేళ్ల మధ్య లేచింది. కంగారేం లేదు. గూడుని బోర్లించి మంట కిందికి ఉండేలా పట్టి, పొడి చెక్కముక్క మీద పెట్టి, దానిమీద అగ్గిపుల్లంత పుల్లలు ఒక్కొక్కటి పేర్చాడు. మంట పైకే పాకుతుంది కాబట్టి కింద మంట ఉంటే పైన ఉన్న గడ్డి, పుల్లలు వాటంతట అవే వేడెక్కుతాయి. సన్నవి చిటపటలాడాకే చిటికెన వేలంతవి. అవి నిలబడ్డాకే పెద్దవి. లావు కట్టె పట్టుకుని ఆత్రంగా నిలబడ్డ మావాడికి పావుగంట దాకా అనుమతి దొరకలేదు.

పిల్లాణ్ణి రగ్గులతో సహా తెచ్చి మంట పక్కన కూర్చోబెట్టాం. తాత పాకలోంచి బెల్లం వేసి కాచిన వేణ్ణీళ్లు గ్లాసులో తెచ్చిచ్చాడు. అరగంటకి వాడు “మామయ్యా, ఆకలేస్తోంది” అన్నాడు. చికెన్ అయిపోయిందని చెప్పి బిస్కట్ ప్యాకెట్ ఇచ్చాం. బావ మొహం అప్పుడు చూడాలి.

పొగ లేని నిప్పు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నాలుగింటికి కట్టెలు కాలి ఎర్రటి బొగ్గులయ్యాక మావాళ్లలో ఒకాయనకి గొప్ప ఐడియా వచ్చింది. ఆ బొగ్గుల్ని ఇనప బాండీలో వేసుకుని టెంట్‌లో పెట్టుకుంటే వెచ్చగా పడుకోవచ్చు, పొగ కూడా రావట్లేదు కదా అని. తాత బాండీ లాక్కున్నంత పని చేశాడు.

పొగ వచ్చేటప్పుడు మనం దగ్గుతాం, కళ్లు మండుతాయి, బయటికి పరిగెడతాం. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నప్పుడే అసలు ప్రమాదం. గాలి సరిపడా అందక కణికల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోయాల్సిన హిమోగ్లోబిన్‌ని అది పట్టేసుకుంటుంది. ముందు తలనొప్పి, మత్తు. నిద్రలో ఉన్నవాడికి అదీ తెలియదు. చలికాలంలో తలుపులేసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. టెంట్ అయినా, హోమ్‌స్టే గది అయినా, కారు అయినా ఒకటే. నిప్పు చోటు బయటే. లోపలికి తెచ్చుకోవాలంటే రెండు రాళ్లని మంట దగ్గర కాచి, పాత గుడ్డలో చుట్టి తెచ్చుకోండి. తాత మాకు చేసిచ్చింది అదే. ఏటిలోంచి తీసిన తడి రాళ్లు మాత్రం వద్దు, లోపలి నీరు ఆవిరై పగులుతాయి.

తాత దగ్గర అగ్గిపెట్టె లేదా అని నేను అడిగాను. నవ్వి, లోపలి జేబులోంచి తీసి చూపించాడు. మూడు పొరల ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఉంది. పొడిగా. స్మార్ట్‌ఫోన్ కూడా ఉంది, అందులో పాత సినిమా పాటలు. “మరి ఇందాక ఎందుకు గీయలేదు తాతా?” అంటే, “నిప్పు ఉండగా అగ్గిపుల్ల దేనికి? పుల్లకి డబ్బులు కాదేటి!” అన్నాడు. అంతే. ఇందులో అడవి రహస్యం, ఆదిమ విద్య అని నేను పూసలు గుచ్చితే ఆయనే నవ్వుతాడు. పొదుపు.

ఆ పొదుపు మనందరి ఇళ్లలోనూ ఉండేది. మా అమ్మమ్మ రాత్రి పొయ్యి ఆర్పేది కాదు. ఒక పిడక ముక్కని బూడిదలో కప్పి పెట్టేది. పిడక మంట లేకుండా తెల్లవార్లూ లోలోపల రగులుతూ ఉంటుంది. పొద్దున్నే బూడిద తీసి, నాలుగు పుల్లలు పెట్టి, ఊదుగొట్టంతో రెండు ఊదులు ఊదితే పొయ్యి వెలిగేది. ఎవరింట్లోనైనా ఆరిపోతే పక్కింటికి కుండపెంకు పట్టుకుని వచ్చేవాళ్లు, “వదినా, కాస్త నిప్పు పెడుదూ” అని. దీపాలు పెట్టాక మాత్రం ఇచ్చేది కాదు.

అగ్గిపెట్టె రాకముందు ముసలాళ్ల మొలసంచిలో మూడు వస్తువులుండేవి: చెకుముకి రాయి, ఉక్కు ముక్క, కాస్త దూది. రాయి మీద ఉక్కుని కొడితే రవ్వ రాలుతుంది. రవ్వ దూదిలో పడితే కణిక. కణికతో చుట్ట. జనవిజ్ఞాన వేదిక వాళ్లు పిల్లల సైన్స్ పత్రికకి ‘చెకుముకి’ అని పేరు పెట్టింది ఆ రాయి పేరే. దూదిని కాస్త కాల్చి నల్లగా చేసి పెట్టుకుంటే రవ్వని ఇంకా తేలిగ్గా పడుతుంది. ఎందుకంటే అది అప్పటికే సగం బొగ్గు. యజ్ఞాల్లో అరణి మథించడం చూసినవాళ్లకి కూడా ఈ వరస తెలిసే ఉంటుంది. రావి కర్రని తాడుతో గిరగిరా తిప్పితే నల్లటి పొడి రాలుతుంది, పొడి పొగలుతుంది, దాన్ని కొబ్బరి పీచులోకి తీసుకుని మెల్లగా ఊదుతారు. చుట్ట కోసమైనా, హోమం కోసమైనా, చలికి వణికే పిల్లాడి కోసమైనా ఆఖరి మెట్టు ఒకటే. కణికని పీచులో పెట్టి ఓపిగ్గా ఊదడం.

ఐదింటికి మిగతా టెంట్ల వాళ్లు చెరువులవేనం కొండెక్కడానికి బయల్దేరారు. అక్కడినుంచే మబ్బుల సముద్రం కనిపించేది. మాలో ముగ్గురు వెళ్లారు. నేను ఉండిపోయాను. కిందనుంచి కూడా తూర్పు తెల్లబడటం, కాఫీ తోటల మీద పొగమంచు పొరలు పొరలుగా కదలడం కనిపించింది. పిల్లాడు మంట పక్కనే నిద్రపోయాడు. బావ వాడి బూట్లు మంటకి మరీ దగ్గర పెట్టకుండా, కాస్త దూరంలో పుల్లలకి తగిలించి ఆరబెట్టాడు.

మీరు ఈ సీజన్‌లో వెళ్తుంటే మీ బ్యాగులో ఉండాల్సినవి: గాలి చొరని డబ్బాలో అగ్గిపెట్టె, గుప్పెడు కొబ్బరి పీచు లేదా దూది, ఒక జత పొడి బట్టలు, సాక్సులు. పడుకునే ముందు పొడి పుల్లలు ఒక కట్ట టెంట్ లోపల దాచుకోండి. మంట అయిపోవచ్చినప్పుడు పెద్ద బొగ్గుల్ని దగ్గరికి చేర్చి బూడిద కప్పి పడుకుంటే తెల్లారగట్ల పనికొస్తాయి. అయితే ఇది చుట్టూ చదును చేసి, రాళ్లు పేర్చి, మనిషి కాపలా ఉన్న చోట మాత్రమే. గాలి ఉన్న రాత్రి చేయకండి. రిజర్వ్ ఫారెస్ట్‌లో అయితే అసలు నిప్పే పెట్టకూడదు, ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ప్రకారం అది నేరం. డిసెంబర్‌లో ఆకులన్నీ మంచుకి తడిసి ఉంటాయి కాబట్టి ధైర్యంగా ఉంటుంది గానీ, ఫిబ్రవరి నుంచి ఇదే కొండల్లో ఎండుటాకులు అగ్గికోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటాయి. రాత్రంతా బతికే కణికే అప్పుడు కొండని తగలబెట్టేది.

ఎనిమిదిన్నరకి బయల్దేరేముందు మంట మీద ఒక బకెట్ నీళ్లు పోశాం. బుస్సుమని ఆవిరి లేచింది, అంతా నల్లబడింది. హెల్మెట్లు పెట్టుకుంటుంటే తాత వచ్చి, కర్రతో ఆ బురదని అడుగుదాకా కెలికాడు. ఇంకో బకెట్ పోయించాడు. మళ్లీ కెలికి, అరచెయ్యి తిప్పి, వెనకవైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూశాడు. ఒక మూల ఆగి, పుల్లతో తవ్వి తీశాడు. శనగగింజంత ముక్క. ఇంకా ఎర్రగానే ఉంది.

పిల్లాడే వెళ్లి మూడో బకెట్ తెచ్చాడు.